జారిన డిస్క్‌కు మూడు ఆపరేషన్లు: ఒక రోగి రాసిన సమీక్ష

నా నడుములో నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్య ఉన్న ఒకే ఒక్క డిస్క్‌కు రెండున్నరేళ్ళు తిరగకుండానే మూడుసార్లు శస్త్రచికిత్స జరిగింది. మొదటి రెండూ ఒక ఆసుపత్రిలో చేసిన మైక్రోడిస్కెక్టమీలు, అంటే చిన్న కోత పెట్టి మైక్రోస్కోప్‌తో చూస్తూ, నరం మీద పడిన డిస్క్ ముక్కను తీసే ఆపరేషన్లు. మూడోది వేరొక ఆసుపత్రిలో చేసిన ఫ్యూజన్, అంటే రెండు పూసలను స్క్రూలతో బిగించి కాలక్రమేణా ఒకే ఎముకగా అతుక్కునేలా చేసే ఆపరేషన్. అది జరిగి రెండేళ్ళు నిండాయి. ఇంతకుముందే రాసి ఉంటే నొప్పి తగ్గిన సంతోషంలోనో, తగ్గని కోపంలోనో రాసినట్టుండేది. ఆసుపత్రుల పేర్లు చెప్పడం లేదు కాబట్టి వాటిని మొదటి ఆసుపత్రి, రెండో ఆసుపత్రి అనే పిలుస్తాను.

గదుల శుభ్రత, భోజనం, నర్సుల మర్యాద వంటి విషయాల్లో రెండు చోట్లా ఫిర్యాదు చేయవలసినంత లోపం లేదు. మూడు ఆపరేషన్లలోనూ సర్జన్ల చేతి నైపుణ్యం మీద నాకు అనుమానం కలగలేదు. తిరగబెట్టిన డిస్క్‌తో ఒక మనిషి తలుపు తట్టినప్పుడు, కత్తి పట్టే ముందు ఆ విభాగం వారు ఏమేమి చూశారు, ఏమి చెప్పారు, ఏది చెప్పకుండా వదిలేశారు అన్నదే నేను ఇక్కడ తూచదలచుకున్నాను. నాకు అనుభవమైన తేడా అంతా ఆపరేషన్ థియేటర్‌కు బయటే ఉంది.

మనమంతా డిస్క్ జారిందని అంటాం గాని, నిజానికి డిస్క్ ఎక్కడికీ జారదు. పూసకూ పూసకూ మధ్య మెత్తలా ఉండే ఆ డిస్క్‌కు చుట్టూ గట్టి పీచుతో పొరలు పొరలుగా అల్లిన వలయం, లోపల జిగురులాంటి గుజ్జు ఉంటాయి. వలయం చిట్లినప్పుడు గుజ్జు బయటికి పొడుచుకు వచ్చి పక్కనే దిగుతున్న నరం వేరును నొక్కుతుంది, దానికి తోడు ఆ గుజ్జు తాకిన చోట నరం వాస్తుంది. నడుము భాగంలో వచ్చే ఈ జబ్బులో నూటికి తొంభైకి పైగా చివరి రెండు డిస్క్‌లలోనే వస్తాయి. నాది వాటిలో పైది, వైద్యులు ఎల్4-ఎల్5 అని రాసేది, ఎడమ వైపు. అక్కడ సాధారణంగా నలిగేది ఎల్5 నరం వేరు కాబట్టి నొప్పి పిరుదులో మొదలై తొడ పక్కగా, పిక్క బయటి వైపుగా దిగి పాదం పైభాగం మీదుగా బొటనవేలిదాకా కరెంటు తీగలా పాకేది. నడుము నొప్పి దాని ముందు లెక్కలోకే వచ్చేది కాదు.

చిట్లిన డిస్క్ ముక్క నరాన్ని నొక్కడమే ఈ కాలి నొప్పికి కారణమని, దానిని తీసివేస్తే నొప్పి తగ్గుతుందని 1934లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ సర్జన్లు ప్రకటించారు. 1977లో యాసర్‌గిల్, కాస్పర్ ఎవరికి వారుగా ఈ ఆపరేషన్‌లో మైక్రోస్కోప్ వాడకాన్ని ప్రచురించిన తరువాత కోత రెండు మూడు సెంటీమీటర్లకు కుదించుకుపోయింది. పనిముట్లు ఎంత మారినా పని మాత్రం నేటికీ అదే: నరం మీద పడిన ముక్కను తీయడం, లోపల వదులుగా ఉన్న గుజ్జును కొంత తీయడం, అంతే. వలయంలో పడిన రంధ్రాన్ని మామూలుగా ఎవరూ కుట్టరు. డిస్క్‌కు రక్తప్రసరణ చాలా తక్కువ కావడం వల్ల అది చర్మం మానినట్టు గట్టిగా మానదు కూడా. మిగిలిన గుజ్జుకు పాత దారి తెరిచే ఉంటుంది. మొదటి ఆపరేషన్ తరువాత అదే చోట మళ్ళీ ముక్క బయటపడటం నూటికి ఐదు నుంచి పదిహేను మందిలో జరుగుతుందని వైద్య గ్రంథాలు చెప్పే లెక్క. రంధ్రం వెడల్పు ఆరు మిల్లీమీటర్లు దాటితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇదంతా నేను మూడో ఆపరేషన్‌కు ముందు తెలుసుకున్నాను. మొదటిదానికి ముందే తెలిసి ఉండవలసిన సంగతి ఇది.

మొదటి ఆపరేషన్ గురించి నిజాయితీగా చెప్పాలంటే అద్భుతం అన్న మాటే వాడాలి. పది వారాలు మందులు, విశ్రాంతి, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాక, నిలబడి పళ్ళు తోముకోవడం కూడా కష్టమైన స్థితిలో వెళ్ళాను. గంట సేపటి ఆపరేషన్. మత్తు వదిలి కళ్ళు తెరిచేసరికి కాలిలో ఆ తీగ లేదు. కోత దగ్గర మంట ఉన్నా అది నాకు ఆనవాలు తెలిసిన, భరించదగిన మంట. అదే సాయంత్రం నడిపించారు, మరునాడు ఇంటికి పంపారు. ఆ రోజే ఎవరైనా నన్ను మార్కులు వేయమని అడిగి ఉంటే ఐదుకు ఐదు వేసి, పైన ఒకటి అప్పుగా ఇచ్చి ఉండేవాణ్ణి.

ఇంటికి వెళ్ళేటప్పుడు చేతికిచ్చిన డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లు, కుట్లు విప్పే తేదీ, బరువులు ఎత్తవద్దు అన్న ఒక వాక్యం ఉన్నాయి. ఎంత బరువు, ఎన్నాళ్ళు అన్న వివరం లేదు. వంగేటప్పుడు ఎలా వంగాలో, నడుము కండరాలను బలపరిచే వ్యాయామం ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో లేదు. ఇది తిరగబెట్టవచ్చు అన్న మాట కాగితంలోనూ లేదు, ఎవరి నోటా రాలేదు. అందువల్ల నేను బాగైపోయానని నమ్మాను. సిగరెట్ మానలేదు. పొగాకు డిస్క్‌కు చేసే చెరుపు గురించి కూడా నాకు అప్పుడెవరూ చెప్పలేదు గాని, ఆ తప్పులో నా వాటా నేను ఒప్పుకోవలసిందే.

పద్నాలుగు నెలల తరువాత ఒక ఉదయం బూటు లేసు కట్టుకుంటూ వంగి ఉండగా తుమ్ము వచ్చింది. నిటారుగా లేచేలోపే కాలిలోకి పాత తీగ దిగింది. అదే కాలు, అదే దారి. ఒకసారి ఈ నొప్పిని ఎరిగినవారికి దానిని గుర్తుపట్టడానికి స్కానింగ్ అక్కర్లేదు. చికిత్సకు మాత్రం స్కానింగ్ కావాలి, అందులోనూ సరైన స్కానింగ్ కావాలి. రెండో ఆపరేషన్ మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది.

ఒకసారి ఆపరేషన్ జరిగిన చోట నరం చుట్టూ గాయం మానిన పీచు పేరుకుంటుంది. మామూలు ఎం.ఆర్.ఐ. చిత్రంలో ఆ పీచూ కొత్తగా బయటపడిన డిస్క్ ముక్కా ఒకదానిలాగే మరొకటి కనబడి మోసం చేయవచ్చు. అందుకని చేతి రక్తనాళంలోకి గాడోలినియం అనే మందు ఎక్కించి మళ్ళీ చిత్రాలు తీస్తారు. రక్తనాళాలున్న పీచు ఆ మందును పీల్చుకుని తెల్లగా మెరుస్తుంది, రక్తనాళాలు లేని డిస్క్ ముక్క నల్లగానే ఉండి చుట్టూ అంచు మాత్రమే వెలుగుతుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ముక్క నొక్కుతుంటే తీసివేయవచ్చు. పీచు మాత్రమే కారణమైతే మళ్ళీ కోయడం వల్ల సాధారణంగా మేలు జరగదు, కోసిన చోట మరింత పీచు పేరుకుంటుంది. మొదటి ఆసుపత్రిలో నాకు ఈ మందు లేకుండానే స్కాన్ చేశారు. సర్జన్ గారు ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ వచ్చిందని, మళ్ళీ తీసేద్దామని చెప్పారు. నేను గదిలో ఉన్నది పది నిమిషాలు. నన్ను మంచం మీద పడుకోబెట్టి కాలు ఎత్తి చూడలేదు, బొటనవేలి బలం పరీక్షించలేదు. స్కాన్‌లో ఉన్నది డిస్క్ ముక్కే అని తరువాత తేలింది కాబట్టి నష్టం జరగలేదు. నష్టం జరగకపోవడం వేరు, సరిగ్గా చేయడం వేరు.

రెండోసారి థియేటర్‌లోకి వెళ్ళడం మొదటిదాని పునరావృతం అనుకున్నాను. కానే కాదు. మొదటిసారి సర్జన్‌కు పొరలు విడివిడిగా, ఎక్కడివక్కడ దొరుకుతాయి. రెండోసారి అవన్నీ పీచుతో అతుక్కుని ఉంటాయి, నరాన్ని పక్కకు జరపడమే పెద్ద పని అవుతుంది. నరాల చుట్టూ వెన్నుద్రవాన్ని పట్టి ఉంచే డ్యూరా అనే పొర చిరిగే అవకాశం కూడా మొదటిసారి కంటే ఎక్కువ. నాకు చిరిగింది. అక్కడికక్కడే కుట్టారు. రెండు రోజులు వెల్లకిలా కదలకుండా పడుకోమన్నారు. తల కొంచెం ఎత్తితే చాలు, పగిలిపోయేంత తలనొప్పి, పడుకుంటే మాయం. ఎందుకు పడుకోవాలో మాత్రం చెప్పలేదు. రెండో రోజు రాత్రి డ్యూటీ డాక్టర్ నా చార్టు చూస్తూ, పొర చిరిగింది కదా, అందుకే తలనొప్పి అని యథాలాపంగా అన్నప్పుడు తెలిసింది. చిరగడాన్ని నేను తప్పు పట్టడం లేదు, ఎంత మంచి చేతిలోనైనా జరిగేదే. అది నాకు మూడో మనిషి నోటి నుంచి తెలియడాన్ని తప్పు పడుతున్నాను.

ఈసారి కాలి నొప్పి పూర్తిగా పోలేదు, మూడు వంతులు తగ్గింది. పాదం పైభాగం మొద్దుబారి ఉండిపోయింది. నడుములో, పొద్దున్న లేవగానే తలుపు బందు ఊడినట్టు ఒక రకమైన పట్టులేనితనం కొత్తగా మొదలైంది. ఫిర్యాదు చేస్తే బెల్టు రాసిచ్చారు. ఎనిమిది నెలలకు నొప్పి తిరిగి వచ్చింది. అప్పటికి నాకు ఆ ఆసుపత్రికి వెళ్ళే ఓపిక నశించింది.

రెండో ఆసుపత్రి గురించి నేను ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే రాయడానికి అక్కడే ఎక్కువ ఉంది. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే వారు అడిగింది స్కాన్‌లు కాదు, పాత ఆపరేషన్ నోట్సు. డిశ్చార్జి కాగితం చాలదని, థియేటర్‌లో సర్జన్ రాసుకున్న నోట్సు కావాలని స్పష్టంగా చెప్పారు. అలాంటిది ఒకటి ఉంటుందని, దాన్ని అడిగే హక్కు రోగికి ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. మొదటి ఆసుపత్రి రికార్డుల విభాగం చుట్టూ మూడు వారాలు తిరిగాక ఆ కాగితాలు చేతికి వచ్చాయి. కొత్త సర్జన్ గారు వాటిని నా ఎదుటే చదివి ఒక వాక్యం దగ్గర ఆగారు. మొదటి ఆపరేషన్ రోజునే అక్కడ రాసి ఉంది: వలయంలో పెద్ద రంధ్రం. కొలత వేయలేదు గాని, పెద్దదని గుర్తించి రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యం ఆనాడు నా చెవిన వేసి ఉంటే నేను పొగ మానేవాణ్ణేమో, లేసులు కట్టే బూట్లు మానేవాణ్ణేమో, ఏమీ మానకపోయినా కనీసం రెండోసారి నొప్పి వచ్చినప్పుడు ఆశ్చర్యపోకుండా ఉండేవాణ్ణి.

ఆ తరువాత పరీక్ష ముప్పావుగంట సాగింది. మడమల మీద నడిపించారు, మునివేళ్ళ మీద నడిపించారు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు ఎత్తి ఏ కోణంలో తీగ లాగుతుందో రాసుకున్నారు. బొటనవేలిని పైకి లేపమని, తాను కిందికి నొక్కుతూ చూశారు. కుడి వేలు నిలిచింది, ఎడమ వేలు వంగిపోయింది. ఎల్5 నరం బలహీనపడిందనడానికి అది గుర్తు. నేను ఎప్పుడూ గమనించలేదు, గమనించడానికి ఎవరూ చెప్పలేదు. మందు ఎక్కించి ఎం.ఆర్.ఐ. తీయించారు. దానితో పాటు, నిలబడి ముందుకు వంగినప్పుడూ వెనక్కి వాలినప్పుడూ ఎక్స్‌రేలు తీయించారు. మామూలు ఎక్స్‌రే కంటే పెద్దగా ఖర్చు లేని ఈ రెండు చిత్రాల్లోనే, నేను వంగినప్పుడు నాలుగో పూస ఐదో పూస మీద కొన్ని మిల్లీమీటర్లు ముందుకు కదులుతున్నట్టు కనబడింది. బందు ఊడిన తలుపు అన్న నా పోలికకు ఆయన నవ్వి, మీరు చెప్పింది సరిగ్గా అదే అన్నారు.

అంత చూశాక కూడా ఆయన వెంటనే ఆపరేషన్ అనలేదు. వేలి బలహీనత రోజురోజుకూ పెరగడం లేదు కాబట్టి ఆరు వారాలు ఆగవచ్చన్నారు. ఎక్స్‌రేలో చూస్తూ నరం వేరు దగ్గర స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారు. బయటపడిన డిస్క్ ముక్కలు, ముఖ్యంగా పూర్తిగా విడిపోయిన పెద్ద ముక్కలు, కొన్ని నెలల్లో శరీరంలోనే కరిగి కుంచించుకుపోవడం తరచుగా జరుగుతుందని వివరించారు. మొదటిసారి డిస్క్ నొప్పి వచ్చినవారి మీద నెదర్లాండ్స్‌లో జరిగి 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం గురించి కూడా చెప్పారు. అందులో 283 మందిని రెండుగా విడదీసి, ఒక జట్టుకు త్వరగా ఆపరేషన్ చేసి, మరో జట్టును ఆగి చూస్తే, ఆపరేషన్ జట్టుకు నొప్పి త్వరగా తగ్గినా ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ దాదాపు ఒకే చోటికి చేరాయి. ఆగిన జట్టులో సుమారు నూటికి నలభై మంది మధ్యలో ఆపరేషన్‌కు మళ్ళవలసి వచ్చింది. మీకు ఇది మూడోసారి కాబట్టి ఈ లెక్క మీకు అచ్చంగా వర్తించదు, ఆగడం అంటే ఏమీ చేయకపోవడం కాదని చెప్పడానికే చెబుతున్నాను అన్నారు. అధ్యయనం ఎక్కడిదాకా వర్తిస్తుందో కూడా చెప్పే వైద్యుణ్ణి నేను చూడటం అదే మొదలు.

మొదటి రోజే చేతికి ఒక కాగితం ఇచ్చారు. మర్మావయవాల చుట్టూ, జీను మీద కూర్చుంటే తాకే చోట మొద్దుబారినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోయినా, మలం మీద అదుపు తప్పినా, రెండు కాళ్ళూ బలహీనపడినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ గంటలోనే అత్యవసర విభాగానికి రావాలని పెద్ద అక్షరాల్లో ఉంది. వెన్నుపాము చివర గుర్రపు తోకలా వేలాడే నరాల కట్ట మొత్తం నలిగిందనడానికి అవి గుర్తులు, అక్కడ ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చు. మొదటి ఆసుపత్రిలో రెండు ఆపరేషన్లు చేయించుకున్న నాకు ఈ సంగతి తెలియదంటే ఆయన నమ్మలేకపోయారు.

ఆరు వారాల్లో ఇంజక్షన్ ఇచ్చిన ఊరట కరిగిపోయింది, నొప్పి మిగిలింది. అప్పుడు నన్నూ నాతో వచ్చిన అన్నయ్యనూ కూర్చోబెట్టి దారులన్నీ చెప్పారు. మూడోసారి కూడా ముక్క మాత్రమే తీయవచ్చు. చిన్న ఆపరేషన్, త్వరగా కోలుకుంటారు, కాని రంధ్రమూ కదలికా అలాగే ఉంటాయి. ఎండోస్కోపుతో, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో, నడుము పక్క నుంచి వెళితే పాత పీచును చాలావరకు తప్పించుకోవచ్చు, కొందరికి అది మంచి మార్గమే. పూసల కదలికకు మాత్రం అది కూడా జవాబు చెప్పదు. వలయం రంధ్రానికి అడ్డుగా ఎముకలో అమర్చే ఒక పరికరానికి 2019లో అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది గాని, అది మొదటి ఆపరేషన్ సమయంలోనే అమర్చడానికి ఉద్దేశించినది. కృత్రిమ డిస్క్ పెట్టాలంటే పూసల వెనుక వైపు కీళ్ళు బాగుండాలి, నావి అరిగాయి. మిగిలింది ఫ్యూజన్. కాలి నొప్పి తగ్గడంలో మళ్ళీ ముక్క తీయడానికీ ఫ్యూజన్‌కూ పెద్ద తేడా లేదని, నడుము నొప్పీ కదలికా ఉన్నవారికే ఫ్యూజన్ వల్ల అదనపు ప్రయోజనమని, కాబట్టి తిరగబెట్టిన ప్రతి డిస్క్‌కూ దీన్ని చేయకూడదని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు. మొదటిసారి తిరగబెట్టినప్పుడు కదలిక లేకపోతే తానూ ముక్క మాత్రమే తీసేవాణ్ణన్నారు. మొదటి ఆసుపత్రి రెండోసారి తీసుకున్న నిర్ణయం బహుశా సరైనదే అని నాకు అప్పుడు అర్థమైంది. వారు ఆ నిర్ణయానికి వచ్చిన తీరు మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

ఫ్యూజన్ వల్ల ఏమి రాదో కూడా అంతే వివరంగా చెప్పారు. మొద్దుబారిన పాదం తిరిగి వస్తుందన్న హామీ లేదు, నరం కోలుకున్నా రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి నెలలు పడుతుంది. ఒక కీలు కదలిక పోవడం వల్ల పైనా కిందా ఉన్న డిస్క్‌ల మీద భారం పెరిగి, ఏళ్ళ తరువాత అవి అరిగే అవకాశం ఉంది. ఎముక అతుక్కోకపోవచ్చు. నికోటిన్ ఆ అతుకును పాడుచేస్తుంది కాబట్టి పొగ మానితేనే తేదీ ఇస్తానన్నారు. మానాను. వేరే సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోమని తానే చెప్పి స్కాన్‌లు సీడీలో ఇచ్చారు. తీసుకున్నాను, రెండో అభిప్రాయమూ అదే చెప్పింది.

ఆపరేషన్ గురించి చెప్పవలసింది తక్కువ, నేను మత్తులో ఉన్నాను. బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే యంత్రంతో స్థాయిని సరిచూసుకుంటూ, ఎడమ పక్కగా డిస్క్‌లోకి వెళ్ళి గుజ్జును పూర్తిగా తీశారు. ఆ ఖాళీలో నా ఎముక పొడినే నింపిన కేజ్ అనే చిన్న పెట్టెను పెట్టి, నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలతో బిగించారు. మూడు గంటలు పట్టింది. ఈసారి పొర చిరగలేదని, రక్తం ఎంత పోయిందో, నరం ఎలా కనబడిందో సర్జన్ గారు అదే సాయంత్రం మంచం పక్కన నిలబడి చెప్పారు.

కోత నొప్పి విషయంలో ఎవరూ భ్రమపడవద్దు. ముందరి రెండింటినీ కలిపినా దీనికి సరిరావు. మొదటి మూడు రోజులు పక్కకు తిరగడానికి ఇద్దరు సాయం పట్టవలసి వచ్చింది, నడుము మెలిపడకుండా దుంగలా ఒక్కసారిగా దొర్లడం నేర్పారు. మరునాడే వాకర్‌తో నిలబెట్టారు. బలమైన నొప్పి మందుల వల్ల పట్టుకున్న మలబద్ధకం కోత కంటే ఎక్కువగా ఏడిపించింది. దానికి ముందు రోజు నుంచే మందు మొదలుపెట్టి ఉండవలసింది, ఇది ఈ ఆసుపత్రి మీద నా మొదటి ఫిర్యాదు. వారాంతంలో ఫిజియోథెరపిస్టు రాకపోవడం రెండోది. శని, ఆదివారాల్లో వెన్ను సెలవు తీసుకోదు కదా. పొడవాటి నిరీక్షణ మూడోది: పది గంటల అపాయింట్‌మెంట్‌కు ఏనాడూ పన్నెండు లోపు పిలుపు రాలేదు. ప్రతి రోగికీ ముప్పావుగంట ఇచ్చే వైద్యుడి గది బయట అది తప్పదేమో గాని, ముందే చెబితే ఇంటి దగ్గరే పడుకుని ఉండేవాళ్ళం.

తరువాతి సేవకు మాత్రం వంక పెట్టలేను. ఏ వారంలో ఎంత దూరం నడవాలి, ఎంతసేపు కూర్చోవాలి, ఎన్ని కిలోలు ఎత్తవచ్చు, కారు ఎప్పుడు నడపవచ్చు అన్నీ రాసి ఇచ్చారు. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఎక్స్‌రేలు తీశారు. ఏడాది చిత్రంలో కేజ్ గుండా ఎముక వంతెన కట్టినట్టు కనబడింది. వ్యాయామాలు నేర్పిన ఫిజియోథెరపిస్టు నేను సరిగ్గా చేస్తున్నానో లేదో ప్రతిసారీ చేయించి చూసేది, చేస్తున్నాను అన్న మాటను ఒక్కసారీ నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది.

ఇప్పుడు నా పరిస్థితి ఇది. కాలిలో తీగ లేదు. ఎడమ బొటనవేలు దాదాపుగా కుడిదానితో సమానంగా నిలుస్తుంది, దాని పక్కన రూపాయి బిళ్ళంత చోటు ఇంకా మొద్దుగానే ఉంది. గంటకు మించి కూర్చుంటే నడుము బిగుసుకుంటుంది. వంగి నేల మీది వస్తువు తీయను, మోకాళ్ళు మడిచి కూర్చుని తీస్తాను. మునుపటి నడుము నాకు తిరిగి రాలేదు, వస్తుందని వారు అననూ లేదు. చెప్పినంత ఇచ్చారు.

మొదటి ఆసుపత్రి చేసిన మొదటి ఆపరేషన్‌కు ఐదుకు మూడున్నర ఇస్తాను, పని గొప్పదే గాని సగం సమాచారం వారి కాగితాల్లోనే ఉండిపోయింది. అక్కడి రెండో ఆపరేషన్‌కు రెండు. రెండో ఆసుపత్రికి నాలుగున్నర. తిరగబెట్టిన డిస్క్‌తో ఉన్నవారు ఎక్కడికి వెళ్ళినా పాత ఆపరేషన్ నోట్సు పట్టుకుని వెళ్ళండి, మందు ఎక్కించిన ఎం.ఆర్.ఐ. తీశారా, వంగినప్పటి ఎక్స్‌రే తీశారా, మీ బొటనవేలిని నొక్కి చూశారా అని గమనించండి. ఇవేవీ లేకుండా తేదీ ఖరారు చేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

తగ్గించిన ఆ అర మార్కు ఎందుకో చెప్పాలి. వెన్ను విభాగం బయట, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేంత లోతైన సోఫాలు వేశారు. డిస్క్ రోగి వాటిలో కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. మొదటిసారి వెళ్ళినప్పుడే సలహాల పెట్టెలో కాగితం వేశాను. మొన్న రెండేళ్ళ పరీక్షకు వెళ్ళినప్పుడు కూడా ఆ సోఫాలు ఖాళీగా మెరుస్తున్నాయి, పదిహేను మందిమి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాం.